ఏడో డబ్బా ఆకలి

కంప్యూటరు ముందు నుంచి లేచి, చలికోటు కూడా తగిలించుకోకుండా నేను హ్యాంగరు వైపు పరుగెత్తిన దగ్గర కదా మనం ఆగింది. అప్పుడు టైము పదకొండున్నర. ఎడమ ఇంజను చట్రం మీదున్న ఏడో నంబరు డబ్బా పదకొండు ప్రయాణాలుగా ఒక్క మాట కూడా పంపలేదనీ, అయినా తెర మీద దాని గడి పచ్చగానే వెలుగుతోందనీ నాకు తెలిసి అప్పటికి పావుగంట. ఆ విమానం మధ్యాహ్నం రెండూ పదికి నలభై నాలుగు మందిని ఎక్కించుకుని బయల్దేరాలి. బయల్దేరవచ్చని కాగితం మీద సంతకం పెట్టాల్సింది మా అక్క.

డబ్బా అంటే అగ్గిపెట్టెంత ఉంటుంది. బ్యాటరీ లేదు, వైరు లేదు. విమానంలో వైరంటే బరువు. బ్యాటరీ అంటే ఎవరో ఒకరు ఎక్కి మార్చాల్సిన వస్తువు. అందుకే నా డబ్బా తన తిండి తనే వెతుక్కుంటుంది. ప్రొపెల్లరు తిరుగుతున్నంతసేపూ ఇంజనుని మోసే ఉక్కు గొట్టాల చట్రం సెకనుకి నూరుసార్లు వణుకుతుంది. ఆ వణుకు ఎవరికీ అక్కర్లేనిది, ఇంజను పారేసేది. డబ్బా కింద అతికించిన సన్నటి పింగాణీ బద్ద ఆ వణుకుకి వంగి లేచినప్పుడల్లా ఒక చుక్క కరెంటు పుడుతుంది. చుక్కలు చాలినన్ని చేరాక డబ్బా కళ్లు తెరుస్తుంది. ఉక్కులో ఎక్కడైనా చిటపటమంటోందా అని కాసేపు చెవిపెట్టి, విన్నదాన్ని ఒక అంకెగా గాలిలోకి పంపి, మళ్లీ కళ్లు మూసుకుంటుంది. నా వయసులో ఆరేళ్లు ఆ కళ్లు తెరవడానికీ మూయడానికీ మధ్యనే గడిచాయి.

ఆఫీసు నుంచి హ్యాంగరుకి నాలుగు వందల అడుగులు. ఆ కాస్త దూరంలో అక్కకి చెప్పాల్సిన వాక్యాన్ని పది రకాలుగా తయారుచేసుకున్నాను. తెరలో ఏదో తేడా ఉంది. అంకెలు సరిగ్గా రావడం లేదు. ఒక పాత రూలు వల్ల చిన్న గందరగోళం. ప్రతి వాక్యంలోనూ తప్పు ఉంది గానీ తప్పు చేసిన మనిషి లేడు. నడుస్తూనే ఆ సంగతి గమనించాను. నన్ను నేను గమనించుకోవడంలో నాకు మంచి నేర్పు ఉంది. దానివల్ల నేను చేసే పని మాత్రం ఏనాడూ మారలేదు.

హ్యాంగరు తలుపులు సగం తెరిచి ఉన్నాయి. లోపల పాలిపోయిన వెలుతురు, నూనె గుడ్డల వాసన. అక్క ఎడమ రెక్క కింద ఎత్తు స్టూలు మీద కూర్చుని, ఒళ్లో అట్ట పెట్టుకుని కాగితాలు నింపుతోంది. తాడుకి వేలాడే కళ్లజోడు ముక్కు చివరికి జారింది. ఇరవై రెండేళ్లుగా ఆమె పని అదే. చూడటం, తట్టడం, తడమడం, అనుమానించడం, అన్నీ అయ్యాక సంతకం పెట్టడం. కుడి ఇంజను దగ్గర నిచ్చెన మీద నిలబడి ఒక ముసలి మెకానిక్ మరలు బిగిస్తున్నాడు. ఆయన్ని అందరూ నిచ్చెన మావయ్య అంటారు. నేల మీద ఆయన్ని చూసినవాళ్లు తక్కువ.

"ఏంట్రా, కుక్క తరిమినట్టు వచ్చావ్? కోటేది?" అంది అక్క, తల ఎత్తకుండానే.

"అక్కా, ఏడో నంబరు..."

"ఊఁ. ఏమైంది దానికి?"

"పడుకుంది."

పైనుంచి నిచ్చెన మావయ్య నవ్వు వినిపించింది. "దానికింకా తెల్లారలేదా డాక్టరు గారూ? ఎండ తగిలే వైపు పెట్టాల్సింది మీరు."

విమానాల రెక్కలకి చెవి ఆనించి వింటానని వాళ్లు నాకు పెట్టిన పేరు డాక్టరు. మూగబోయిన డబ్బాకి వాళ్లు పెట్టుకున్న మాట "పడుకుంది". ఆ రెండు మాటలూ ఎగతాళిగానే మొదలయ్యాయి. తర్వాత రెండూ రిజిస్టరులోకి ఎక్కాయి.

"ఎన్నాళ్లయింది?" అంది అక్క.

"పదకొండు."

"పదకొండు రోజులా?"

"కాదు. ప్రయాణాలు."

పెన్ను ఆగింది. "పొద్దున్నే చూశాను కదరా నేను. పచ్చగా ఉంది. నిన్నా ఉంది. మొన్నా ఉంది."

"ఆ పచ్చ ఇవాళ్టిది కాదక్కా. డబ్బా మాట్లాడకపోతే, చివరిసారి ఏ అంకె చెప్పిందో అదే తెర మళ్లీ చూపిస్తుంది. రూలు అలా ఉంది."

"అలా ఉందా?" అక్క కళ్లజోడు పైకి తోసుకుని మొదటిసారి నన్ను చూసింది. "అలా ఉందంటే? ఆకాశంలోంచి ఊడిపడిందా? ఎవడు పెట్టాడు?"

ఇక్కడ నేను ఎంతసేపు ఆగానో నాకు తెలియదు. రెండు సెకన్లే అయి ఉండవచ్చు. ఆ రెండు సెకన్లలోకి ఒక ఏడాది వచ్చి కూర్చుంది.

మొదటి ఏడాది డబ్బాలు తరచూ మూగబోయేవి. దగ్గర ఊళ్లకి వెళ్లి వచ్చిన రోజు వాటి కడుపు నిండేది కాదు. చలి మరీ ఎక్కువైన రోజు బద్ద బిగుసుకుపోయేది. మాట రాకపోతే గడి ఎర్రబడేది. ఎర్రబడితే నిచ్చెన మావయ్య ఎక్కాలి. పద్నాలుగుసార్లు ఎక్కాడు, పద్నాలుగుసార్లూ ఏమీ లేదు. పదిహేనోసారి ఎక్కకుండా, పక్క విమానం నిచ్చెన మీంచే "పడుకుందిలెండి డాక్టరు గారూ, లేపకండి పాపం!" అని అరిచాడు. షెడ్డంతా నవ్వింది. ఆ సాయంత్రమే రూలు రాశాను. మూగగా ఉన్న గడి మూలలో మాత్రం ఒక బూడిదరంగు చుక్క పెట్టాను, ఇది పాత మాట అని గుర్తుగా. నెల తర్వాత షిఫ్టు మేనేజరు వచ్చి ఆ చుక్క జనాన్ని తికమకపెడుతోందన్నాడు. నాలుగు నిమిషాల్లో తీసేశాను. ఆ నాలుగు నిమిషాలు నాకు బాగా గుర్తు. చాలాకాలంగా నా మీదే చూపు నిలిపిన మనిషెవరో ముఖం తిప్పుకున్నట్టు అనిపించింది. ఇంటికి వెళ్లి హాయిగా నిద్రపోయాను.

ఆ హాయి నాకు కొత్తది కాదు. చిన్నప్పుడు మా ఇంట్లో అమ్మా నాన్నా గొడవపడేవారు. గొంతులు ఆగిపోగానే నేను దుప్పటిలోంచి తల బయటపెట్టి మళ్లీ బొమ్మలు వేసుకునేవాణ్ణి. శబ్దం లేకపోతే ఏమీ జరగడం లేదనే నా లెక్క. అక్క మాత్రం గొంతులు ఆగాకే లేచేది. పిల్లిలా నడిచి వెళ్లి తలుపు సందులోంచి చూసి వచ్చేది. ఏం చూసిందో నాకు ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"నేనే," అన్నాను.

నిచ్చెన మీద మరలు బిగించే చప్పుడు ఆగిపోయింది.

అక్క అరవలేదు. అట్ట మీది కాగితాలు వెనక్కి తిప్పింది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ప్రతిదాని అడుగునా ఆమె పేరు, పక్కన తేదీ. పదకొండు దాకా తిప్పి ఆగింది.

"నీ పచ్చని చూసి పదకొండుసార్లు నా పేరు రాశానన్నమాట," అంది మెల్లగా. "ఇదివరకు వంద గంటలకోసారి ఈ చట్రం పట్టీలన్నీ విప్పి చూసేవాళ్లం. నీ డబ్బాలు వచ్చాక ఆరు వందలకి ఒకసారి చేశారు. నేను వద్దన్నాను. గుర్తుందా? ఆ తర్వాత మా తమ్ముడు చేసిందే కదా అని ఒప్పుకున్నాను."

"గుర్తుంది."

"సరే." ఆమె స్టూలు దిగింది. కోపం వస్తే అక్క తిడుతుంది. భయం వేస్తే ప్రశ్నలు వేస్తుంది. ఇప్పుడు ప్రశ్నలు మొదలయ్యాయి. "ఆరో నంబరు, ఎనిమిదో నంబరు మాట్లాడుతున్నాయా?"

"బాగా. రోజూ."

"అవీ ఇదే చట్రం మీద ఉన్నాయి కదా?"

"ఇదే చట్రం."

"ఇదే ఇంజను, ఇదే వణుకు. వాటికి దొరికిన తిండి దీనికెందుకు దొరకలేదు?"

"డబ్బా చచ్చిపోయి ఉండొచ్చక్కా. బద్ద పగిలి ఉండొచ్చు. జిగురు ఊడి ఉండొచ్చు."

చెబుతూంటే నా గొంతులో ఒక ఆశ వినిపించింది నాకే. నా చేతులతో చేసిన వస్తువు చచ్చిపోయి ఉంటే బాగుండునని మనసారా కోరుకుంటున్నాను. అది చచ్చిపోతే తప్పు అగ్గిపెట్టెంతే. అది బతికి ఉంటే తప్పు ఇంజనంత.

అక్కకీ ఆ ఆశ వినిపించిందేమో. "అరికాలు గీకి చూశావా?" అంది.

చిన్నప్పుడు బడికి ఎగనామం పెట్టాలని నేను దొంగనిద్ర పోయేవాణ్ణి. నిజమైన నిద్రో కాదో తేల్చడానికి అక్క దువ్వెన పళ్లతో నా అరికాలు గీకేది. ఆ పరీక్షకి నేను ఒక్కసారీ నిలవలేదు.

"వణికించి చూడాలంటే నా పనిముట్టు ఆఫీసులో, తాళం వేసిన బీరువాలో ఉంది. ఆ తాళంచెవి స్టోరు వాళ్ల దగ్గర..."

"అంతసేపు ఎవరు ఆగుతారు? సెకనుకి ఎన్నిసార్లు వణకాలి?"

"నూరు."

నాకూ అప్పుడే తట్టింది. గోడ కరెంటుతో నడిచే పాతకాలపు జుట్టు కత్తిరించే మిషను సెకనుకి సరిగ్గా నూరుసార్లు కొట్టుకుంటుంది. ఇంట్లో మొట్టమొదటి డబ్బాకి తిండిపెట్టింది అలాంటి మిషనుతోనే. బట్టలు మార్చుకునే గదిలో నిచ్చెన మావయ్య దగ్గర అలాంటిదొకటి ఉంది. భోజనాల వేళ షిఫ్టులో సగం మందికి ఆయనే క్షవరం చేస్తాడు.

"మావయ్యా! నీ జుట్టు మిషను కావాలి," అంది అక్క.

"ఎవరికమ్మా?"

"ఇంజనుకి. దిగు."

ఆయన దిగాడు. ఏమీ అడగకుండా నడిచి వెళ్లి, నల్లటి వైరు చుట్టిన మిషను తెచ్చాడు. దాని పళ్లలో ఎవరివో తెల్లవెంట్రుకలు ఇంకా ఉన్నాయి. ఊది, పంట్లాముకి తుడిచి, అక్కకి అందించాడు.

ఎడమ ఇంజను మూతలు తీశారు. చట్రం బయటపడింది. బొటనవేలికి రెండింతల లావున్న ఉక్కు గొట్టాలు. ఒక చివర ఇంజను, మరో చివర రెక్క. కింది గొట్టం నడుమ, వైర్లని పట్టి ఉంచే రబ్బరు పట్టీ ఒకటి బిగించి ఉంది. పట్టీకి ఇంజను వైపున ఆరో డబ్బా, రెక్క వైపున ఏడోది. రెండింటి మధ్యా మూడు జానలు.

అక్క ఎక్కింది. నేను చేతిలో పలకలాంటి తెర పట్టుకుని కింద నిలబడ్డాను. మిషను గుర్రుమంది. ఆమె దాని మొండి వైపుని ఏడో డబ్బా పక్కనే గొట్టానికి ఆనించింది.

"పెట్టాను. చెప్పు."

"ఆగు. కడుపు నిండాలి."

పది సెకన్లు. ఇరవై. నిచ్చెన మావయ్య నా భుజం మీదుగా తెరలోకి చూస్తున్నాడు. ఆయన ఊపిరిలో సోంపు వాసన. ముప్పై. చచ్చిపోయింది, అనుకున్నాను. నా గుండెల్లో ఏదో తేలికపడటం మొదలైంది.

తెర మీద ఒక గీత మెరిసింది. దాని కింద, ఆరేళ్ల క్రితం నేను సరదాగా రాసిపెట్టిన పలకరింపు.

ఏడు: లేచాను.

"ఏమైందిరా? నోట్లో ఏం పెట్టుకున్నావ్?"

"లేచింది," అన్నాను.

నిచ్చెన మావయ్య చప్పట్లు కొట్టబోయి, అక్క ముఖం చూసి చేతులు దించేశాడు. అక్క మిషను ఆపింది. గుర్రుమనే చప్పుడు పోయాక షెడ్డు మునుపటికంటే పెద్దదైనట్టు అనిపించింది.

డబ్బా బతికే ఉంది. బద్ద పగలలేదు. జిగురు ఊడలేదు. పదకొండు ప్రయాణాలుగా దానికి ఒంట్లో బాగానే ఉంది, చెవులు బాగానే ఉన్నాయి, చెప్పాల్సింది కూడా ఉండి ఉంటుంది. తిండి మాత్రం అందలేదు. ఉక్కు ఎక్కడైనా పగిలితే ఇంజను వణుకు ఆ పగులు దాటి రాదు. ఉక్కులో దెబ్బ తగిలిన చోటు ఎక్కడుందో దానికి అతి దగ్గరగా కాపలా పెట్టిన డబ్బాకే, ఆ దెబ్బ వల్ల ముందుగా ఆకలి మొదలవుతుంది. ఆరేళ్లలో నాకు ఈ ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. లెక్కలన్నీ వేశాను. చలికి లెక్క, ఎత్తుకి లెక్క, వానకి లెక్క. కాపలావాడు అరవకపోవడానికి కారణం దొంగే కావచ్చుననే లెక్క వెయ్యలేదు.

"ఇప్పుడు దూరం జరుపుతాను. ప్రతిచోటా చెప్పు," అంది అక్క. ఆమెకి నేను వివరించాల్సిన పని లేకపోయింది.

జానెడు దూరంలో పెట్టింది. ముప్పై సెకన్లు. లేచాను. ఇంకో బెత్తెడు. లేచాను. పట్టీకి ఇవతల, అంటుకునేంత దగ్గరగా. ఈసారి యాభై సెకన్లు పట్టింది. లేచాను.

పట్టీ దాటించి అవతల పెట్టింది.

ఇరవై. నలభై. అరవై. ఆరో గడి వెంటనే వెలిగింది. ఏడో గడి వెలగలేదు. తొంభై. నూట ఇరవై. అక్క చెయ్యి నొప్పెట్టి మిషను కాస్త కదిలింది, రెండో చేత్తో పట్టుకుంది.

"ఉందా?"

"లేదు."

"మళ్లీ ఇవతల పెడుతున్నా."

"లేచింది."

"అవతల."

"లేదు."

"ఏంటిది? మంగలి షాపు పెట్టారా?"

షిఫ్టు మేనేజరు. మెడలో గుర్తింపు కార్డు వెనక్కి తిరిగి ఉంది, చేతిలో ఫోను. మూతలు తీసిన ఇంజనుని చూసి ఆయన నడక నెమ్మదించింది. "మేడమ్, రెండూ పదికి పోవాల్సిన బండి ఇది. ఒంటిగంటన్నరకి సామాను ఎక్కించాలి. ఎవరు విప్పమన్నారు?"

"నేను," అంది అక్క పైనుంచి.

"దేనికి? నా దగ్గర అన్నీ పచ్చగా ఉన్నాయి." ఫోను నా ముఖం ముందుకి తెచ్చాడు. "చూడండి డాక్టరు గారూ, మీదే కదా ఇది. ఏడు, నలభై రెండు, పచ్చ."

అక్క ముందు ఒప్పుకున్నంత తేలిక కాలేదు రెండోసారి. అక్క నన్ను తిట్టినా ఇంట్లో అన్నం పెడుతుంది. ఈయన చేతిలో ఉన్నది నా ఉద్యోగం. నాలుక మీదికి మళ్లీ అదే వాక్యం వచ్చింది, రూలు అలా ఉంది అని. దాన్ని మింగాను.

"ఆ నలభై రెండు పదకొండు ప్రయాణాల కిందటిది సార్. డబ్బా మాట్లాడనప్పుడు పాత అంకె చూపించేలా రాశాను. నేనే రాశాను."

"అలా అయితే మూల చుక్క కనపడాలి కదా? అదేదో బూడిద..."

వాక్యం మధ్యలో ఆయనకి గుర్తొచ్చింది. గుర్తురావడం ఆయన ముఖంలో నాకు స్పష్టంగా కనిపించింది, ముందు కనుబొమ్మల్లో, తర్వాత చెవుల దగ్గర. చుక్క తీసెయ్యమంది మీరే అనడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. అనలేదు. మంచితనం వల్ల కాదు. ఆ మాట అంటే నా నాలుగు నిమిషాలు తగ్గిపోతాయని ఎక్కడో ఆశ ఉందని నాకు తెలుసు, అవి తగ్గవని కూడా తెలుసు. ఇద్దరం చెరో వైపు చూశాం.

"డబ్బా పాడై ఉండొచ్చు కదా," అన్నాడు చివరికి, గొంతు తగ్గించి.

"పావుగంట క్రితం మా వాడూ అదే అన్నాడు," అంది అక్క. "పాడవలేదు. పిలిస్తే పలుకుతోంది. ఇంజను వైపు నుంచి పిలిస్తేనే పలకడం లేదు. ఆ పట్టీ కింద ఏదో ఉంది. విప్పుతున్నాను."

"ఏమీ లేకపోతే?"

"ఏమీ లేకపోతే రెండూ పదికి పోతుంది, నన్ను మీ ఇష్టం వచ్చినట్టు తిట్టుకోండి. మావయ్యా, ఎర్ర రంగు, తెల్ల పొడి తీసుకురా."

పట్టీ విప్పారు. దాని కింద గొట్టం శుభ్రంగా మెరుస్తోంది. రెండు ముక్కలు కలిపి అతికిన చోట సన్నటి ఉబ్బు, అంతే. అక్క దీపం పట్టి చూసింది, గోరుతో గీసింది, భూతద్దం పెట్టింది. ఏమీ కనపడలేదు. మేనేజరు గట్టిగా ఊపిరి వదిలాడు. నేనూ వదిలాను, ఆయన కంటే కాస్త ముందే.

"కళ్లకి కనపడేదైతే ఇంత తతంగం ఎందుకు," అని గొణిగి, అక్క గుడ్డతో గొట్టం తుడిచి ఎర్ర రంగు పూసింది. ఉక్కులో వెంట్రుకంత సందున్నా ఆ రంగు దానిలోకి దిగుతుంది. పావుగంట ఆగి పైన ఉన్నదంతా తుడిచేసి, తెల్ల పొడి చల్లారు. ఇక ఎదురుచూడటమే. సందు ఉంటే, లోపల దాక్కున్న ఎరుపుని తెలుపు బయటికి లాగుతుంది.

నేను నిచ్చెన రెండో మెట్టు మీద నిలబడి, అక్క భుజం పక్క నుంచి ఆ తెల్లటి అరచేతి మేర చోటునే చూస్తున్నాను. అక్క మెడ వెనక నరం కొట్టుకోవడం కనిపిస్తోంది. ఆమెకి యాభై దాటిందని ఎందుకో అప్పుడే తెలిసినట్టయింది.

మూడో నిమిషంలో తెలుపు మీద ఒక చుక్క కనిపించింది. గులాబీ రంగులో ఉంది. నా కళ్లే చెమర్చి అలా కనపడుతోందనుకుని రెప్పలార్పాను. చుక్క పోలేదు. అది నెమ్మదిగా చిక్కబడి ఎర్రగా మారి, పక్కకి పాకడం మొదలుపెట్టింది. ఎవరో లోపల కూర్చుని సన్నటి కలంతో గీస్తున్నట్టు గీత సాగింది. గొట్టం వంపు మీదుగా కిందికి తిరిగి, మాకు కనపడని అడుగువైపుకి వెళ్లింది. అక్క చిన్న అద్దం అడుగున పట్టింది. అద్దంలో గీత ఇంకా సాగి ఉంది. చుట్టుకొలతలో సగం దాకా.

"దేవుడా," అన్నాడు నిచ్చెన మావయ్య. "పద్నాలుగుసార్లు ఎక్కానమ్మా నేను. పదిహేనోసారి ఎక్కలేదు."

అక్క అట్ట అందుకుని, ఇవాళ్టి కాగితం మీద అడ్డంగా రెండు గీతలు కొట్టింది. ఆ విమానం ఇక కదలదు. నలభై నాలుగు మంది కింద కుర్చీల్లో కూర్చుని ఆలస్యానికి విసుక్కుంటారు, అంతే. ఏడవాలనిపించింది, నవ్వాలనిపించింది. గండం గడిచిందనే ఆ తేలికదనం ఒళ్లంతా పాకుతోంది. దాన్ని వెంటనే పోల్చుకున్నాను. గొంతులు ఆగిపోయాక దుప్పటిలోంచి తల బయటపెట్టే పిల్లవాడిదే అది.

అక్క మాత్రం లేచి తలుపు దగ్గరికి వెళ్లే రకం.

"ఒరేయ్," అంది నిచ్చెన దిగుతూ. "ఆ రూలు ఎన్ని విమానాల్లో పెట్టావ్?"

నేను గొట్టం మీది ఎర్ర గీతనే చూస్తున్నాను.

"నిన్నే అడుగుతున్నా. ఎన్నింట్లో ఉంది?"

"అన్నింట్లో. ఐదింట్లోనూ."

"మిగతా నాలుగూ ఎక్కడున్నాయి?"

జవాబు మేనేజరు చెప్పాడు. "మూడు కిందే ఉన్నాయి. ఒకటి పన్నెండుంబావుకి వెళ్లింది. దిగేసరికి ఒంటిగంటా ముప్పావు."

గోడ గడియారంలో పన్నెండూ నలభై.

ముగ్గురం రేడియో గదికి పరుగెత్తాం. అది హ్యాంగరు పక్కనే ఉన్న చిన్న గది. బల్ల ముందు కూర్చున్న అమ్మాయి మమ్మల్ని చూసి హెడ్‌ఫోన్లు తీసేసి లేచి నిలబడింది. నేను ఆమె కుర్చీలోనే కూలబడి తెర తెరిచాను. గాలిలో ఉన్న విమానం. ఎడమ ఇంజను. ఏడో నంబరు. పచ్చ. ముప్పై ఏడు.

"పచ్చగానే ఉందిగా," అన్నాడు మేనేజరు. అని, నాలుక కరుచుకున్నాడు.

వెనక రోజుల అంకెలు తెరిచాను. బతికున్న డబ్బాలు రోజుకో అంకె చెబుతాయి. ఆరోది ముప్పై ఒకటి, ఇరవై తొమ్మిది, ముప్పై ఐదు. ఎనిమిదోది నలభై, ముప్పై ఎనిమిది, నలభై మూడు. ఊపిరి పీల్చే మనిషి ఛాతీలా అవి లేస్తూ పడుతూ ఉంటాయి. ఏడోది ముప్పై ఏడు. నిన్న ముప్పై ఏడు. మొన్న ముప్పై ఏడు. తెరని కిందికి లాగుతూ పోయాను. వేలు తడిసి జారుతోంది.

"ఎన్ని?" అంది అక్క.

"పంతొమ్మిది ప్రయాణాలు."

ఇక్కడ సగం తెగడానికి పదకొండు పట్టింది.

అమ్మాయి విమానాన్ని పిలిచింది. గరగరల మధ్య నుంచి కెప్టెను గొంతు వచ్చింది, తీరిగ్గా, ఏదో నములుతున్నట్టు. "చెప్పండమ్మా, వింటున్నాం. వాతావరణం మారిందా?"

మేనేజరు చెయ్యి మైకు వైపు వెళ్లి, బల్ల మీదే ఆగిపోయింది. అక్క దాన్ని తీసి నా ముందు పెట్టింది. "నువ్వే చెప్పాలి. వాళ్లు అడిగేవాటికి జవాబు తెలిసినవాడివి నువ్వొక్కడివే."

నాకు తెలియదు. అదే నేను ఆమెకి చెప్పాలనుకున్నది. ఎడమ ఇంజను ఆపేయమంటే, పైనున్న వాళ్లందరి బరువూ ఒక్క ఇంజను మీద పడుతుంది. తగ్గించమంటే వణుకు తీరు మారుతుంది. సగం తెగిన గొట్టాన్ని ఏ వణుకు ఓదారుస్తుందో, ఏ వణుకు విరిచేస్తుందో నేను ఎన్నడూ లెక్క వెయ్యలేదు. అక్కడ గీత ఉందనే రుజువు కూడా లేదు. నిజంగానే జిగురు ఊడి ఉండవచ్చు. ఆ "ఉండవచ్చు" నన్ను ఎంత ప్రేమగా పిలుస్తోందో చెప్పలేను.

మీట నొక్కాను. అది నొక్కి ఉన్నంతసేపూ పైవాళ్లు మాట్లాడలేరు, వినడమే. ఒక సెకను. రెండు. వాళ్ల చెవుల్లోకి వెళుతున్నది నా ఊపిరి ఒక్కటే.

"కెప్టెన్ గారూ, మీ ఎడమ ఇంజను చట్రం మీద డబ్బాలు పెట్టింది నేను. మా దగ్గర ఏడో నంబరు బాగుందని కనిపిస్తోంది. అది నిజం కాదు. అది పంతొమ్మిది ప్రయాణాలుగా మాట్లాడలేదు. దాన్ని బాగున్నట్టు చూపించింది నేను. ఇలాగే మూగబోయిన ఇంకో విమానాన్ని ఇప్పుడే విప్పి చూశాం. గొట్టం సగం తెగి ఉంది."

మీట వదిలేశాను.

గరగర. ఆ గరగర ఎంతసేపు ఉందంటే, అమ్మాయి మీటలు సరిచూడటానికి ముందుకి వంగింది. అప్పుడు కెప్టెను మళ్లీ మాట్లాడాడు. ఇప్పుడు ఏమీ నమలడం లేదు.

"ఎడమ పక్క నుంచి ఏదో టిక్కు టిక్కుమంటోందని నా పక్కాయన పావుగంట నుంచి అంటున్నాడు. నేనే, ఏం లేదులే అని ఊరుకోబెట్టాను," అన్నాడు. "ఇప్పుడు దాన్ని ఆపమంటారా, తిరగనివ్వమంటారా?"